జూన్‌లో బీ ఆర్కిడ్‌ను వెతికి చూడటం ఎలా

జూన్ నెలలో మీరు ఇంగ్లండ్‌లో ఉంటే, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లయినా, పిల్లల దగ్గరికి వచ్చి నాలుగు నెలలు ఉండే అమ్మానాన్నలైనా, టికెట్ కొనకుండా చూడగలిగే ఒక అపురూపమైన పువ్వు ఉంది. పేరు బీ ఆర్కిడ్. గడ్డిలో జానెడు ఎత్తున నిలబడి ఉంటుంది. మూడు గులాబీ రంగు రేకుల మధ్య గోధుమ రంగు తేనెటీగ ఒకటి వాలి ఉన్నట్టే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లినా ఆ ఈగ ఎగిరిపోదు, ఎందుకంటే అది కూడా పువ్వులో భాగమే.

ఆర్కిడ్ అనగానే మనకు షాపుల్లో కుండీల్లో అమ్మే పొడవాటి కొమ్మల పువ్వులు గుర్తొస్తాయి. లేదంటే మన ఊళ్లలో మామిడి కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా. ఇది ఆ రెండింటిలాంటిది కాదు. నేలలో దుంపతో పెరిగే మొక్క, మంచు పడే దేశంలో చలికాలమంతా ఆకులతో బతికే మొక్క. వృక్షశాస్త్రంలో దీని పేరు ఆఫ్రిస్ ఎపిఫెరా. 1762లో విలియం హడ్సన్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. బ్రిటన్, ఐర్లాండ్ నుంచి మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల దాకా, ఉత్తర ఆఫ్రికాలో కూడా పెరుగుతుంది.

దీన్ని ఎప్పుడు, ఎక్కడ వెతకాలి, ఎలా పోల్చుకోవాలి, దొరికాక ఏం చూడాలి, ఏం చేయకూడదు అన్నది వరుసగా చెప్తాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పువ్వును కనిపెట్టి ఫోటో తీసుకుని వచ్చేస్తే సగం కూడా చూసినట్టు కాదు. దాని పక్కన కాసేపు కూర్చోవాలి. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

1. తేదీలు చూసుకోండి

దక్షిణ ఇంగ్లండ్‌లో జూన్ మొదటి వారం నుంచి జులై మధ్య వరకు పూస్తుంది. జూన్ రెండో, మూడో వారాలు అన్నిటికంటే నమ్మకమైనవి. వసంతం వెచ్చగా ఉంటే మే చివరికే మొదలవుతుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ కొంచెం ఆలస్యం. సెలవులకు స్పెయిన్‌కో ఇటలీకో గ్రీస్‌కో వెళ్తుంటే లెక్క మారుతుంది, అక్కడ ఏప్రిల్, మే నెలల్లోనే పూత అయిపోతుంది.

ఒక ఏడాది వందల మొక్కలు పూసిన చోట మరుసటి ఏడాది పది కూడా కనిపించకపోవచ్చు. మొక్క చచ్చిపోయిందని కాదు. వసంతంలో వానలు సరిగా పడకపోతే పూత పెట్టకుండా ఊరుకుంటుంది. కాబట్టి నిరుటి ఫోటోలు చూసి వెళ్లి, పువ్వులు కనిపించకపోతే నిరుత్సాహపడకండి.

2. సున్నం ఉన్న నేల ఎక్కడో తెలుసుకోండి

వెతకడంలో సగం పని ఇంట్లోనే అయిపోతుంది. బీ ఆర్కిడ్‌కు సున్నం ఉన్న నేల కావాలి, నీళ్లు నిలవకూడదు, ఎండ బాగా తగలాలి, గడ్డి మరీ ఒత్తుగా ఉండకూడదు. ఇంగ్లండ్ దక్షిణ, తూర్పు భాగాల్లో సుద్దరాతి కొండలు బారులు తీరి ఉన్నాయి. చిల్టర్న్స్, నార్త్ డౌన్స్, సౌత్ డౌన్స్ అన్నీ అవే. బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్ల మ్యాప్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ ఇంటి చుట్టుపక్కల సుద్దరాయి, సున్నపురాయి ఎక్కడ పైకి తేలి ఉందో అందులో చూసుకోండి.

పేరున్న చోట్లు కావాలంటే బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని డన్‌స్టబుల్ డౌన్స్, దాని పక్కనే ఉన్న టోటర్న్‌హో పాత రాతి గనులు, సర్రీలోని బాక్స్ హిల్ మంచివి. బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీ పువ్వు బీ ఆర్కిడే. ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2002లో ఒక్కో కౌంటీకి ఒక్కో పువ్వును ఎంపిక చేయించినప్పుడు ఆ కౌంటీకి ఇది దక్కింది.

కానీ అంత దూరం వెళ్లే ముందు ఇంటి పక్కన వెతకమంటాను. అడవి ఆర్కిడ్ అంటే మనుషులు అడుగుపెట్టని చోట ఉంటుందని అనుకుంటాం కదా, ఈ మొక్క అలా కాదు. మనిషి తవ్వి వదిలేసిన నేలంటే దీనికి ఇష్టం. పాత క్వారీలు, రైలు కట్టలు, కొత్తగా వేసిన రోడ్ల గట్లు, రౌండెబౌట్లు, బిజినెస్ పార్కుల లాన్లు, సూపర్‌మార్కెట్ కార్ పార్క్ అంచులు, ఇలా ఎక్కడైనా రావచ్చు. కట్టడాల శిథిలాల్లోని సున్నం, సిమెంటు నేలలో కలిసిన చోట కూడా దానికి కావలసినది దొరుకుతుంది. పైమట్టి గీకేసిన నేలలో పోషకాలు తక్కువ, అందుకే గడ్డి ఏపుగా పెరగదు, చిన్న మొక్కకు చోటు మిగులుతుంది. మీరు రోజూ ఆఫీసుకు నడిచే దారి పక్కనే ఇది ఉండే అవకాశం నిజంగా ఉంది.

రౌండెబౌట్ మధ్యలో కనిపిస్తే మాత్రం రోడ్డు దాటి వెళ్లకండి. బైనాక్యులర్స్‌తో ఇవతలి నుంచే చూడండి.

3. తోడు మొక్కలను గమనిస్తూ నడవండి

మైదానంలో అడుగుపెట్టగానే బీ ఆర్కిడ్ కోసం చూడకండి, దాని ఇరుగుపొరుగు కోసం చూడండి. పెద్ద తెల్లరేకుల ఆక్స్-ఐ డైసీలు, నేలకు అంటుకుని పసుపు పచ్చగా పూసే బర్డ్స్-ఫుట్ ట్రెఫాయిల్, అడవి థైమ్, ముదురు గులాబీ రంగులో శంకువులా నిలిచే పిరమిడల్ ఆర్కిడ్, ఇవి కనిపిస్తే సరైన నేల మీదే ఉన్నారు. ముళ్ల పొదలూ మోకాలి ఎత్తు గడ్డీ తప్ప ఏమీ లేకపోతే ఆ చోటు వదిలేయండి.

ఫోటోల్లో తెర నిండా కనిపించడం వల్ల ఈ పువ్వు చాలా పెద్దదనుకుంటారు. నిజానికి పువ్వు వెడల్పు రెండున్నర సెంటీమీటర్ల లోపే. మొక్క ఎత్తు మామూలుగా 15 నుంచి 40 సెంటీమీటర్లు, ఒక కాడ మీద రెండు నుంచి ఏడు పువ్వులు. తేనెటీగలా కనిపించే గోధుమ రంగు రేకు (దీన్ని పెదవి అంటారు) ఎండుగడ్డిలో కలిసిపోతుంది, కంటికి ముందు ఆనేది గులాబీ రేకులే. అందుకని కాలిబాట మీద నిలబడి, రెండు మూడు మీటర్ల లోపల గడ్డిలోకి వాలుగా చూస్తూ, గులాబీ చుక్కల కోసం వెతకండి. ఒకటి దొరికితే అక్కడే ఆగిపోండి. ఒకటి ఉన్నచోట ఇంకొన్ని ఉంటాయి, పూయనివి కూడా మీ కాళ్ల దగ్గరే ఉండవచ్చు.

బట్టల గురించి రెండు మాటలు. నిండు ప్యాంటు వేసుకుని, అంచును సాక్సుల్లోకి దోపుకోండి. ఇంగ్లండ్ గడ్డిలో పిడుదులు ఉంటాయి, కొన్ని లైమ్ వ్యాధిని మోస్తాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, నడుము దగ్గర ఒకసారి చూసుకోండి. గడ్డి పుప్పొడి గాలిలో విపరీతంగా ఉండేది కూడా సరిగ్గా ఈ నెలలోనే. మనవాళ్లలో చాలామందికి ఆ దేశం వచ్చిన కొన్నేళ్లకు హే ఫీవర్ మొదలవుతుంది. అలాంటివాళ్లు మాత్ర వేసుకునే బయలుదేరండి, లేకపోతే తుమ్ములతో పువ్వు మీద దృష్టి నిలవదు.

4. అదేనా కాదా తేల్చుకోండి

పువ్వును ఎదురుగా చూడండి. వెలుపల మూడు వెడల్పాటి రేకులు ఉంటాయి. వృక్షశాస్త్రం ప్రకారం అవి రక్షక పత్రాలు, రంగు మాత్రం గులాబీ, ఒక్కోసారి దాదాపు తెలుపు, మధ్యలో సన్నని ఆకుపచ్చ గీత. వాటి లోపల పైవైపు రెండు చిన్న రేకులు పొట్టి కొమ్ముల్లా నిలబడి ఉంటాయి. కిందికి ఉన్న మూడో రేకే పెదవి. దాన్నే మనం తేనెటీగ అనుకుంటాం. ముదురు గోధుమ రంగు, మఖమల్ మెరుపు, పైభాగంలో పసుపు గీతలు చుట్టిన ఎర్రటి మచ్చ, రెండు పక్కలా నూగుతో నిండిన భుజాలు. పెదవి చివర చిన్న మొన ఉంటుంది, అది కిందికి మడిచి వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే కనిపించదు. గుర్తింపులో ఇదే కీలకం.

పెదవికి పైన ఆకుపచ్చగా, బాతు తలలాగా ముక్కు వంచుకుని ముందుకు చాచిన భాగం ఒకటి ఉంటుంది. మగ, ఆడ భాగాలు రెండూ అందులోనే ఉన్నాయి. దాన్ని గుర్తుపెట్టుకోండి, వచ్చే మెట్టుకు అది కావాలి.

పొరబడే అవకాశం ఎక్కడంటే, బ్రిటన్‌లో పెరిగే మిగతా మూడు ఆఫ్రిస్ రకాలతో. ఫ్లై ఆర్కిడ్ మే నుంచే పూస్తుంది, చెట్ల నీడలోనూ అడవి అంచుల్లోనూ ఉంటుంది. దాని రక్షక పత్రాలు ఆకుపచ్చవి, పెదవి సన్నగా పొడవుగా, మధ్యలో నీలి మెరుపు పట్టీతో ఉంటుంది. ఎర్లీ స్పైడర్ ఆర్కిడ్ ఏప్రిల్, మే నెలల్లో డోర్సెట్, కెంట్ తీరాల వైపు పూస్తుంది, దానివి కూడా ఆకుపచ్చ రక్షక పత్రాలే. లేట్ స్పైడర్ ఆర్కిడ్ ఒక్కటే నిజంగా తికమక పెడుతుంది. దానికీ గులాబీ రేకులే, జూన్‌లోనే పూత. అయితే దాని పెదవి చివరి మొన వెనక్కి కాదు, ముందుకు, పైకి తిరిగి ఉంటుంది. అదీగాక బ్రిటన్‌లో అది కెంట్‌లో తప్ప పెరగదు, అక్కడ కూడా చాలా అరుదు. మీరు కెంట్‌లో లేకపోతే దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

పువ్వు రూపం కొంచెం తేడాగా ఉంటే వేరే జాతి అనుకోకండి. బీ ఆర్కిడ్‌లోనే వింత రూపాలు చాలా ఉన్నాయి. పెదవి పొడవుగా మొనదేలి, మచ్చలు చెదిరి ఉన్నదాన్ని వాస్ప్ ఆర్కిడ్ అంటారు. గోధుమ రంగు అసలే లేకుండా పసుపు పచ్చ పెదవి, తెల్ల రేకులతో ఉండేది ఇంకొకటి. అలాంటివి కనిపిస్తే మీ అదృష్టం, చుట్టూ ఉన్నవాటిని కూడా ఒక్కొక్కటిగా చూడండి.

5. పక్కన కూర్చుని దాని పని చూడండి

ఇక్కడ తొందరపడకండి. ఒక చిన్న భూతద్దం ఉంటే బాగుంటుంది, పదింతలు పెంచి చూపేది చాలు. లేకపోతే ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూసినా సరిపోతుంది.

ముందు ఈ వేషం ఎందుకో తెలియాలి. ఆఫ్రిస్ జాతుల పువ్వుల్లో తేనె ఉండదు. అవి ఒక్కో రకం కీటకంలో ఆడదాని రూపాన్ని, ఒంటి నూగును, అన్నిటికంటే ముఖ్యంగా దాని వాసనను అనుకరిస్తాయి. ఆ వాసన మన ముక్కుకు దాదాపు తెలియదు. మగ ఈగ అది నిజమైన ఆడదే అనుకుని పెదవి మీద వాలి జతకట్టబోతుంది. ఆ పెనుగులాటలో పుప్పొడి ముద్దలు దాని తలకు అంటుకుంటాయి. అది మళ్లీ ఇంకో పువ్వు దగ్గర మోసపోయినప్పుడు పరాగసంపర్కం జరుగుతుంది. ఈ సంగతిని అల్జీరియాలో మొదట గమనించి చెప్పినవాడు పుయాన్ అనే ఫ్రెంచివాడు. అద్దంలా మెరిసే మరో ఆఫ్రిస్ పువ్వును, దాని మీద వాలే మగ కందిరీగలను చూసి, కొరెవోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడితో కలిసి 1916లో ప్రచురించాడు. అప్పటిదాకా పువ్వు ఇంత మోసం చేస్తుందంటే నమ్మేవాళ్లు లేరు.

బీ ఆర్కిడ్ పిలిచేది యూసెరా అనే జాతి ఈగలను. వాటి మగవాటికి మీసాలు చాలా పొడవు. మధ్యధరా ప్రాంతంలో అవి వస్తాయి. ఇంగ్లండ్‌లో మాత్రం దాదాపు రావు. మీరు పూటంతా కూర్చున్నా ఏ ఈగా ఆ పెదవి మీద జతకట్టబోవడం చూడరు. అయినా దాదాపు ప్రతి పువ్వూ కాయగా మారుతుంది. ఈగ రాకుండా ఎలా?

మొక్కను పక్క నుంచి చూడండి. కాడ మీద కింది పువ్వు ముందు విచ్చుకుంటుంది, పైవి తర్వాత. అంటే ఒకే కాడ మీద వేర్వేరు వయసుల పువ్వులు ఒకేసారి మీ ముందు ఉన్నాయి. ఈ కథ మొత్తం చూడటానికి వారం రోజులు ఆగనక్కర్లేదు, పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి, అంతే.

అన్నిటికంటే పైన ఇప్పుడే విచ్చుకున్న పువ్వును చూడండి. ఆకుపచ్చ బాతు తలలో, రెండు పక్కలా చిన్న అరల్లో రెండు పసుపు ముద్దలు కూర్చుని ఉంటాయి. అవే పుప్పొడి ముద్దలు. దాని కింది పువ్వుకు రండి. ఆ ముద్దలు అరల్లోంచి బయటికి జారి, సన్నని కాడల చివర వేలాడుతూ ఉంటాయి. మిగతా ఆఫ్రిస్ పువ్వుల్లో ఈ కాడలు గట్టిగా ఉంటాయి, ఈగ వచ్చి లాగితే గానీ ముద్ద కదలదు. బీ ఆర్కిడ్‌లో అవి పొడవుగా, మెత్తగా ఉండి, ముద్ద బరువుకే వంగిపోతాయి. అలా వేలాడే ముద్ద సరిగ్గా జిగురుగా ఉన్న కీలాగ్రం (పుప్పొడిని అందుకునే ఆడ భాగం) ఎదురుగా వచ్చి ఆగుతుంది. ఇప్పుడు గాలి వీచేదాకా చూడండి. పూల కాడ ఊగినప్పుడు ముద్దలు కూడా ఊగి లోపలికి తగులుతాయి, తగిలిన చోట అతుక్కుంటాయి. ఇంకా కింది పువ్వులో చూస్తే రెండు ముద్దలూ అతుక్కుని, కాడలు వంకీలుగా మిగిలి ఉంటాయి. అన్నిటికంటే కింద రేకులు వాడిపోయి, వెనక ఉన్న కాయ ఉబ్బడం మొదలై ఉంటుంది.

చార్లెస్ డార్విన్ అప్పట్లో కెంట్‌లో ఉన్న డౌన్ గ్రామంలో ఉన్నప్పుడు దీని మీద చాలా శ్రమపడ్డాడు. ఈగలు దూరకుండా, గాలి మాత్రం ఆడేలా వల కప్పి చూస్తే ముద్దలు కీలాగ్రానికి అతుక్కున్నాయి. మరో పూల కాడను గాలి లేని గదిలో నీళ్లలో పెట్టి చూస్తే, ముద్దలు పువ్వు వాడేదాకా అలాగే వేలాడుతూ ఉండిపోయాయి. అంటే పని చేసేది గాలి. 1862లో ఆర్కిడ్ల మీద ఆయన తెచ్చిన పుస్తకంలో ఇదంతా ఉంది. ఎప్పుడూ తనతో తానే పరాగసంపర్కం చేసుకునే జీవి ఎక్కువ కాలం నిలవదని ఆయన నమ్మకం. పైగా ఈగను పిలిచే వేషమంతా ఉండి, ఈగ లేకుండానే పని జరుపుకునే మొక్క ఇది. అందుకే ఇది ఆయనను వదలకుండా వేధించింది.

పక్కన ఫ్లై ఆర్కిడ్ ఉంటే పోల్చి చూడండి. అది నిజంగా ఒక రకం కందిరీగల మీదే ఆధారపడుతుంది, అవి రాకపోతే కాయ లేదు. దాని కాడ మీద పువ్వులు ఎక్కువ, కాయలు తక్కువ. బీ ఆర్కిడ్‌లో పువ్వులెన్నో కాయలు దాదాపు అన్ని. ఈగ లేని దేశంలో ఇది విస్తరించడానికి, కొత్తగా తవ్విన ఏ గట్టు మీదైనా ఒక్క మొక్కతో సంసారం మొదలుపెట్టడానికి కారణం ఇదే. ఈ కాస్త తెలిసి చూస్తే ఆ పువ్వు మీద గౌరవం పెరుగుతుంది, నాకైతే ఫోటోలోని అందం కంటే ఇదే ఎక్కువ.

6. ఫోటో తీయండి, చుట్టూ ఉన్నదాన్ని చెరపకుండా

ఉదయం పూటో, మబ్బు పట్టినప్పుడో తీయడం మంచిది. నడి ఎండలో పెదవి నల్లగా, రేకులు తెల్లగా వచ్చేస్తాయి. ఎండ తప్పకపోతే గొడుగుతో నీడ పట్టండి. ఫోన్‌ను పువ్వు ఎత్తుకే దించండి, పైనుంచి తీస్తే ఏమీ తెలియదు.

నాలుగు ఫోటోలు చాలు: మొక్క మొత్తం, ఎదురుగా ఒక పువ్వు, పక్క నుంచి ఒక పువ్వు, మొదట్లో ఆకులు. పక్క నుంచి తీసినదే అన్నిటికంటే విలువైనది, పుప్పొడి ముద్దలూ పెదవి మొనా అందులోనే పడతాయి.

అడ్డొచ్చిన గడ్డిని పీకకండి. వేలితో పక్కకు వంచి, తీశాక వదిలేయండి. గడ్డి పీకేసి చుట్టూ శుభ్రం చేసిన మొక్క కుందేళ్లకు, నత్తలకు, తర్వాత వచ్చే మనుషులకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పడుకుని తీయాలనిపిస్తే ముందు పడుకునే చోటు చూసుకోండి. ఒక మంచి ఫోటో కోసం నాలుగు మొక్కలు నలిగిపోయిన చోట్లను చూస్తే బాధేస్తుంది. పిల్లలు వెంట ఉంటే వాళ్లకు భూతద్దం ఇచ్చి ముందు కూర్చోబెట్టండి, పరుగెత్తాలన్న ఆలోచన అప్పుడు రాదు.

7. చూసినదాన్ని నమోదు చేయండి

ఐరికార్డ్ గానీ ఐనాచురలిస్ట్ గానీ ఫోన్‌లో వేసుకుని తేదీ, చోటు, ఎన్ని మొక్కలు, ఫోటోలు పెట్టండి. బ్రిటన్, ఐర్లాండ్ వృక్షశాస్త్ర సంఘానికి ప్రతి ప్రాంతంలో వివరాలు సేకరించే స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. ఏ మొక్క ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ పోతోంది అన్నది ఇలాంటి నమోదుల వల్లే తెలుస్తోంది. బీ ఆర్కిడ్ ఈమధ్య దశాబ్దాల్లో ఉత్తరానికి జరుగుతోందని తెలిసింది కూడా అలాగే. మీరు కొత్తవాళ్లని మొహమాటపడకండి. ఆఫీసు వెనక గట్టు మీద మీరు చూసిన మూడు మొక్కలు ఇంకెవరూ చూసి ఉండకపోవచ్చు.

అరుదైన రకాలు దొరికితే మాత్రం చోటు వివరాలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్‌ను తవ్వుకుపోయి తవ్వుకుపోయి చివరికి ఇంగ్లండ్ అంతటికీ యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క అడవి మొక్క మిగిలిన చరిత్ర ఉంది. దానికి కాపలా పెట్టాల్సి వచ్చింది.

8. తవ్వకండి, కోయకండి

1981 నాటి వన్యప్రాణుల, గ్రామీణ ప్రాంతాల చట్టం ప్రకారం బ్రిటన్‌లో స్థల యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ వేళ్లతో పెకలించకూడదు. ఉత్తర ఐర్లాండ్‌లో బీ ఆర్కిడ్‌కు ప్రత్యేక రక్షణ కూడా ఉంది.

చట్టం సంగతి అలా ఉంచితే, తవ్వినా అది బతకదు. ఈ మొక్క విత్తనం దుమ్మంత సన్నం, దానిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. నేలలో ఒక రకం శిలీంధ్రం దొరికి, అది తిండి పెడితేనే మొలుస్తుంది. మొలిచాక కొన్నేళ్లు నేల కిందే గడుపుతుంది. విత్తనం నుంచి మొదటి పువ్వుకు ఐదు నుంచి ఎనిమిదేళ్లు పట్టొచ్చు. మీరు తవ్వేది దుంపను, దాని లోకం మొత్తాన్ని కాదు. హైదరాబాద్‌కో విజయవాడకో పట్టుకెళ్లాలనే ఆలోచన అసలే వద్దు. ఆర్కిడ్లన్నీ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కిందికి వస్తాయి, పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. చలికాలమంతా చల్లటి తడి నేలలో ఆకులతో గడిపే మొక్కకు మన మే నెల ఎండలో చేసేదేమీ ఉండదు.

9. మీ లాన్‌లోనే వస్తే

సున్నపు నేల ఉన్న ఊళ్లలో ఇది జరుగుతుంది, కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర కూడా. గుర్తుపట్టే సమయం జూన్ కాదు, చలికాలం. సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపు నేలకు అంటుకుని కొన్ని ఆకులు గుండ్రంగా పరుచుకుంటాయి. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, కోలగా ఉండి చివర మొన, నిలువునా సమాంతరంగా ఈనెలు. ప్లాంటేన్ అనే కలుపు మొక్క ఆకులు కూడా కొంచెం ఇలాగే ఉంటాయి, కానీ వాటి ఈనెలు లావుగా ఉబ్బెత్తుగా ఉంటాయి, ఆకును తుంచితే నార లాగా సాగుతాయి. తుంచి చూడటం ప్లాంటేన్ మీదే చేయండి. చలికాలం చివరికి ఆర్కిడ్ ఆకుల కొనలు ఎండిపోయి గోధుమ రంగుకు తిరుగుతాయి, పూతకు వచ్చేసరికి చాలా ఆకులు వాడిపోతాయి. అది జబ్బు కాదు, నీళ్లు పోయనక్కర్లేదు.

ఆకులు కనిపించగానే చుట్టూ నాలుగు వెదురు పుల్లలు పాతండి, ఇంట్లో అందరికీ చెప్పండి. లాన్ కోయడానికి మనిషి వస్తుంటే అతనికి ముందుగా చెప్పండి, ఎక్కువ మొక్కలు పోయేది అక్కడే. మార్చి నుంచి ఆ చుట్టూ ఒక మీటరు మేర మోవర్ తిప్పకండి. ప్లాంట్‌లైఫ్ సంస్థ 2019 నుంచి మే నెలలో లాన్ కోయవద్దని ప్రచారం చేస్తోంది. మంచి పనే, కానీ మే 31న ఆపిన చేయి జూన్ 1న మోవర్ పట్టుకుంటే బీ ఆర్కిడ్‌కు ఒరిగేదేమీ లేదు, సరిగ్గా మొగ్గలు విచ్చుకునే వేళకు కాడ తెగిపోతుంది. దానికి కావలసింది ఆగస్టు దాకా.

లాన్‌కు ఎరువు, కలుపు మందు కలిపి అమ్మే పొడి చల్లకండి. ఎరువు వల్ల గడ్డి ఏపుగా పెరిగి దీన్ని కప్పేస్తుంది, నేలలోని శిలీంధ్రానికీ మంచిది కాదు. కలుపు మందు ఆకులకు తగిలితే మొక్కే పోతుంది.

రోడ్డు పక్కన కౌన్సిల్ కోసే గట్టు మీద మొక్కలు ఉంటే, ఫోటోలూ మ్యాప్‌లో చోటూ జతచేసి కౌన్సిల్‌కు ఈమెయిల్ రాయండి. ఆగస్టు దాకా కోయకుండా వదలమని మర్యాదగా అడగండి. జూన్‌లో కాదు, కోత షెడ్యూళ్లు ఖరారు కాకముందే, చలికాలంలోనే రాస్తే ఫలితం ఎక్కువ.

పూత అయ్యాక కాడను వెంటనే కోసేయాలనిపిస్తుంది, ఆగండి. కాయలు నిటారుగా నిలిచి, జులై చివరికో ఆగస్టుకో గోధుమ రంగుకు తిరిగి, నిలువుగా చీలుతాయి. ఒక్కో కాయలో వేల విత్తనాలు. కాడను వేలితో తట్టినప్పుడు పొగలా ఏమీ రాలకపోతే విత్తనాలు గాలికి పోయినట్టే. అప్పుడు గడ్డి కోసి, కోసినదంతా రేక్‌తో లాగి బయట పడేయండి. అక్కడే కుళ్లనిస్తే అదే ఎరువవుతుంది. ఈ కోత ఆగస్టు చివర్లో అయిపోవాలి, సెప్టెంబర్ వచ్చిందంటే కొత్త ఆకులు బ్లేడు కింద పడతాయి.